కాగితం అయ్యేదాకా బంతి ముట్టలేదు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను వల్లూరుకు వేశారు. క్రీడాశాఖలో నేను ఫుట్‌బాల్ కోచ్‌ని. సోలార్ పార్కుకు కాపలా మనుషులను పెట్టే ఒక కంపెనీకి లీగ్ ఆడే జట్టు ఉండేది. పద్దెనిమిది మంది, అందరూ అక్కడి రైతుబిడ్డలే. పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉద్యోగం, ఆట రెండూ. వాళ్లకు శిబిరం నడపడం నా పని. మొదటి రోజు ఒక్కొక్కరి ఒళ్లు పరీక్షించి, రెండేసి వాక్యాలు రాసి కంపెనీకి పంపాను. అది వాడుక.

నాలుగో రోజు పొద్దున అందరూ వేళకు వచ్చారు, బూట్లు కట్టుకున్నారు, వెళ్లి గీత బయట కూర్చున్నారు. విజిల్ ఊదితే ఒక్కడూ లేవలేదు. తిండి బాగాలేదేమోనని వంటవాణ్ణి అడిగాను. పరుగులు ఎక్కువయ్యాయేమో, తగ్గిస్తానన్నాను. అదేం లేదు సార్ అని మర్యాదగా చెప్పి మళ్లీ కూర్చున్నారు. అలిగినవాళ్లయితే అసలు రారు. వీళ్లు నాకంటే ముందే వస్తున్నారు. నాకు తలా తోకా తెలియలేదు.

అసలు చిక్కు హాజరు పట్టీతో వచ్చింది. వరసగా మూడు రోజులు సాధనకు రానివాణ్ణి తీసేయాలి, దాంతో ఉద్యోగమూ పోతుంది. గీత బయట కూర్చున్నవాడు వచ్చినట్టా, రానట్టా? గైర్హాజరు వేయమని కంపెనీ మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు.

వాళ్లు అలా కూర్చున్న మూడో పొద్దున కెప్టెన్ తిప్పేస్వామిని పక్కకు పిలిచాను. గోలు ముందు ఆఖరి అడ్డుగా ఆడేవాడు.

"మా కాంట్రాక్టు మొన్ననే అయిపోయింది సార్. ఇప్పుడు కాలిరిగితే మాకెవరు దిక్కు? ప్యానెళ్లోళ్లు వచ్చినప్పుడు కాగితం అయ్యేదాకా మా నాయన శెనక్కాయ చేన్లో అడుగు పెట్టనీలేదు. చేనికి ఇరవై ఎనిమిదేండ్ల కౌలు రాసిచ్చినారు. దెబ్బ తగిలినా పని పోదని మాకు ఒక్క మాట రాసియ్యమంటాండాం."

ఇది నాతో ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు రాసేటోళ్లు గదా సార్" అన్నాడు నా చేతిలోని పట్టీ చూస్తూ.

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. మూడు రోజులకూ 'హాజరు, సాధన లేదు' అని రాసి సంతకం పెట్టాను. అలాంటి గడే లేదని మేనేజరు మండిపడ్డాడు.

రెండు రోజులకు కొత్త కాంట్రాక్టులు వచ్చాయి. అడిగిన మాట అందులో ఉంది. కాగితాలు మాత్రం పదిహేడే. తిప్పేస్వామిది ఏదంటే మేనేజరు నేను పంపిన ఫారమే చూపించాడు. 'కుడి మోకాలు బలహీనం' అన్న నా వాక్యం కింద ఎర్ర గీత. ఆ కాలికి సాధన తగ్గించాలని రాసిన మాట అది. మీరే రాశారు గదా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వివరణ రాసి పంపాను. జవాబు రాలేదు. తిప్పేస్వామి తన నాయన చేన్లోనే ప్యానెళ్లు కడిగే పనికి కుదిరాడని తర్వాత తెలిసింది.

నేను వేసిన ఆ హాజరు సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆటగాడి ఒంటి గురించి రాసింది ముందు ఆటగాడికే చదివి వినిపించాలి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. నియమాల్లో అది ఎక్కడా లేదు.