లింగసుగూరు బస్టాండులో అడ్డం పెట్టిన చెయ్యి

రాయచూరు బస్సు కోసం లింగసుగూరు బస్టాండులో కూర్చున్నాను. ఒళ్లో ల్యాప్‌టాప్. నేను చూసుకునే ఆసుపత్రి రక్తనిధి సర్వర్‌లో రక్తదాతల జాబితా తెరుచుకోవడం లేదు. సరిచేయాలంటే దూరం నుంచే సర్వర్‌ను నడిపించే ఎస్‌ఎస్‌హెచ్ దారిలో లోపలికి వెళ్లాలి. ఎన్నిసార్లు ప్రయత్నించినా కనెక్షన్ కలవడం లేదు. అవతల ఎవరికో రక్తం కావాలని ఫోన్ల మీద ఫోన్లు.

పక్కనున్న పెద్దాయన “ఏమైంది బిడ్డా?” అనగానే అంతా చెప్పేశాను. “దీన్ని చెరిపేసి నిన్నటి కాపీతో కొత్తది పెడతానండీ. పొద్దుటి నుంచి రాసినవి పోతాయి, ఏం చెయ్యను?” అంటూ సర్వర్‌ను అద్దెకిచ్చిన కంపెనీ వెబ్ పేజీలో చెరిపేసే బటన్ మీదికి వేలు పోనిచ్చాను.

ఆయన మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు. కరెంటు ప్లాంటుల ముప్పై ఏండ్లు చేసిన. భయంల స్విచ్ ముట్టొద్దు. అది నిన్ను రావొద్దంటున్నదా, అసలు జవాబే ఇస్తలేదా?”

“జవాబే లేదండీ.”

“గట్లయితే తొవ్వల ఏదో అడ్డమున్నది. నిన్న ఏం మార్చినవ్?”

అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసు నెట్ నుంచి తప్ప ఎవరూ లోపలికి రాకుండా ఫైర్‌వాల్ బిగించింది నేనే. ఇప్పుడు వాడుతున్నది ఫోన్ నెట్. అదే వెబ్ పేజీలో ఫైర్‌వాల్ సెట్టింగ్స్ తెరిచి ఫోన్ నెట్‌నూ అనుమతించాను. ఈసారి కనెక్షన్ కలిసింది. లోపల ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపించాక జాబితా తెరుచుకుంది, ఒక్క పేరూ పోలేదు.

తలెత్తేసరికి ముదగల్ బస్సు కదులుతోంది. ఆయన అందులో కిటికీ దగ్గర కూర్చుని సంచి సర్దుకుంటున్నాడు, నా వైపు చూడలేదు.

ఇప్పటికీ ఏదైనా చెరిపేయాలనిపిస్తే, బటన్‌కు చెయ్యి అందకుండా ముందు కుర్చీలోంచి లేచి నిలబడతాను.