ఆయన గొంతుకు ఒక సర్టిఫికెట్

మావారి మాట పోయి అప్పటికి రెండేళ్లు. గొంతులో గడ్డ తీసేటప్పుడు స్వరపేటిక కూడా తీసేయాల్సి వచ్చింది. మనిషి దక్కాడు, అదే పదివేలు అని అందరితో అనేదాన్ని, నాకు నేనూ చెప్పుకునేదాన్ని. ఢిల్లీలో ముప్పై ఏళ్లు మంత్రిత్వశాఖ ఫైళ్ల మీద నోటింగులు రాసిన చెయ్యి కాబట్టి, మాట పోయాక నాతో కూడా నోటింగుల్లోనే మాట్లాడడం మొదలుపెట్టారు. ఆఫీసులో వాడే లేత ఆకుపచ్చ కాగితాలే కొనుక్కున్నారు. "ఉప్మాలో ఉప్పు తగ్గినది. తగు చర్య నిమిత్తం" అని రాసి, కింద పొట్టి సంతకం, తేదీ. నేను ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టేదాన్ని.

రిటైరైన కొత్తలో, ఢిల్లీ ద్వారకలోని మా అపార్ట్‌మెంట్ సొసైటీ తెలుగు పిల్లలకు ఆదివారాలు కథలు చెప్పేవారు. వాళ్లు హిందీలో అడిగేవాళ్లు, ఈయన తెలుగులో జవాబిచ్చేవారు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక, మిగిలిన మూడు వారాల్లో రోజుకో కథ ఫోన్లో రికార్డు చేసి, పుస్తకాలు చూసి నేర్చుకుని తనే ఒక వెబ్‌సైటు పెట్టారు. షేర్డ్ హోస్టింగు అట, అంటే ఒకే కంప్యూటర్లో మనలాంటి వాళ్ల సైట్లు చాలా అద్దెకుంటాయన్నమాట. ఆ కథలు నేను ఒక్కటీ వినలేదు. వినే ధైర్యం నాకు లేదు. పిల్లలు వింటున్నారుగా, చాలనుకున్నాను. ఆయన మాత్రం రోజూ కాఫీ తాగుతూ నిన్న ఎవరైనా విన్నారో లేదో చూసుకునేవారు.

ఒక ఆదివారం లిఫ్టు దగ్గర ఆరో అంతస్తు అమ్మాయి కనిపించింది. వాళ్లది వరంగల్. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా సొసైటీకి వచ్చి ఏడాది కాలేదు.

"ఆంటీ, ఏమనుకోవద్దు," అంది. "అంకుల్ సైట్ ఓపెన్ చేస్తే నాట్ సెక్యూర్ అని వస్తుంది. పిల్లలకు ఓపెన్ చేయొద్దని సొసైటీ వాట్సాప్ గ్రూప్‌ల పెట్టిన."

ఆ పిల్ల చేసిందాంట్లో తప్పేం లేదు. అయినా నాకు చివుక్కుమంది. జీవితంలో ఒకరి దగ్గర కప్పు టీ ఉచితంగా తాగని మనిషి, ఆయన గొంతు పక్కన భద్రం కాదని రాసి ఉంటుందా?

ఇంటికొచ్చేసరికి ఆయన గ్రూపు చూసేశారు. బల్ల మీద నోటింగు సిద్ధంగా ఉంది. "వెబ్‌సైటు అవసరము తీరినది. మూసివేయవచ్చును. ఆమోదము కొరకు." నా సంతకానికి కింద చోటు కూడా వదిలారు.

ఆయనకు జబ్బు చేసినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు ఆయన బతకాలనుకున్నారు. ఇప్పుడు తన చేత్తోనే తనని తను ఫైలు కట్టి అటక మీద పెట్టేస్తున్నారు. పెన్ను తీసి, ఆయన వదిలిన చోట్లో "తిరస్కరించడమైనది" అని రాసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

నాకు తెలిసిన కంప్యూటరు రైలు టిక్కెట్ల దాకానే. హోస్టింగు కంపెనీ వాళ్లని చాట్‌లో అడిగితే, మీది పాత ప్లాను, సైటు భద్రమేనని చెప్పే సర్టిఫికెట్ దానంతటది రాదు, బయట ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు, తెచ్చి పెట్టుకోండి అన్నారు. ఊరికే ఇచ్చే సర్టిఫికెట్ ఏం సర్టిఫికెట్, గెజిటెడ్ ఆఫీసరు సంతకమైనా ఉండదే అని గొణుక్కుంటూనే మొదలుపెట్టాను. సైటు మనదేనని రుజువుకి ఆ సర్టిఫికెట్ వాళ్లిచ్చిన చిన్న ఫైలు సైటులో ఒక ఫోల్డర్లో పెట్టాలి. అది పెట్టడానికే గంట పట్టింది. తరవాత మూడు పెద్ద అక్షరాల గుట్టలు వచ్చాయి. వాటిని హోస్టింగు పేజీలో మూడు గళ్లలో అతికించాలి. రెండుసార్లు అతికించాను, రెండుసార్లూ తప్పంటూ ఎర్రక్షరాలు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన నా చెయ్యి పక్కకి తోసి, నోటింగు పెట్టారు. "మొదటి గడిలో సర్టిఫికెట్. రెండవ గడిలో ప్రైవేట్ కీ. గమనించగలరు."

"గమనించాం గానీ కూర్చోండి," అన్నాను.

సాయంత్రం టీ వేళకి ఆ నాట్ సెక్యూర్ మాట పోయింది. మూడు నెలలకోసారి మళ్లీ తీసుకోవాలట. "పెన్షన్ వాళ్లు మీరు బతికున్నారా అని ఏడాదికోసారి అడుగుతారు. వీళ్లకి అంత నమ్మకం కూడా లేదు," అన్నాను. ఆయన చప్పుడు లేకుండా భుజాలు ఊగేలా నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

నేను బెండకాయలు తరుగుతూ ఉండగా ఆయన పాత అలవాటు ఊరుకోలేదు. ఏ ఉత్తర్వు వచ్చినా సంబంధితులందరికీ నకళ్లు పంపాలి కదా. "సైటుకు భద్రతా సర్టిఫికెట్ పొందడమైనది. జతపరచిన మూడు పత్రములు తమ సమాచార నిమిత్తం" అని గ్రూపులో పెట్టేశారు. అయిదు నిమిషాల్లో కాలింగ్ బెల్ మోగింది. ఆరో అంతస్తు అమ్మాయి, ఆయాసపడుతూ.

"అంకుల్, ముందు ఆ రెండో ఫైల్ డిలీట్ చేయండి. అది కీ. ఇంటి తాళంచెవికి డూప్లికేట్లు చేయించి సొసైటీ అంతా పంచినట్టే."

ఆయన గబగబా తీసేశారు. తరవాత నోట్ షీటు ముందుకి లాక్కుని, తేదీ వేసి, పెన్నుకి మూత పెట్టేశారు. తల వంచుకున్నారు. ఆ పిల్లకి అర్థమైంది.

"మా ఆఫీస్‌ల పెద్ద పెద్దోళ్లు కూడా ఇట్ల చేసిన్రు అంకుల్," అంటూ పక్కనే కూర్చుంది. పాత సర్టిఫికెట్ రద్దు చేయించి, కొత్త కీతో కొత్తది తీసి, ఆయన చేతే గళ్లలో అతికించింది. "ఠీక్ హై. ఇప్పుడు ఏదన్న ఒకటి ప్లే చేసి చూద్దాం." పేజీలో అన్నిటికన్నా పైనున్నది, అంటే చివర రికార్డు చేసినది, నొక్కింది. వద్దనే లోపే గొంతు వచ్చేసింది.

కొంచెం బొంగురుగా, తొందర లేకుండా, పదం పదం ఒత్తి పలికే ఆ గొంతు.

"అంకుల్ గొంతు ఇట్లుంటదా," అంది ఆ పిల్ల మెల్లగా. ఆమె ఆయన మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. ఆపుతుందేమోనని చూశాను, ఆపలేదు. నక్క కథ చివరిదాకా విన్నాం ముగ్గురం. కథ కంచికి వెళ్లింది గానీ రికార్డింగు ఆగలేదు. ఆపడం మరిచిపోయినట్టున్నారు. ఒక దగ్గు వినిపించింది. తరవాత అదే గొంతు, పిల్లలకి కాదు, లోపలి గదివైపు.

"ఏమోయ్, ఒకసారి ఇలా రా. కథలన్నీ అయిపోయాయి. ఇంకేం మాట్లాడాలో తోచడం లేదు. కాసేపు నా పక్కన కూర్చో."

ఆపరేషన్‌కి ముందురోజు అది. ఆ వేళకి నేను బాత్రూంలో కుళాయి తిప్పి, ఆయనకి వినపడకుండా ఏడుస్తున్నాను. పిలిచిన సంగతి నాకు తెలియలేదు. ఆయనా తరవాత అడగలేదు.

"వస్తున్నానండీ," అన్నాను. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.