నూట ఇరవై అడుగుల తీగ

మా అక్క మొగుడు సెల్ టవర్లకు టైము దిద్దుతాడు. వాళ్లింట్లో గోడగడియారం మాత్రం ఏడాదిగా పది నిమిషాలు వెనకే. ఇదేమిటి బావా అంటే, "నా జీతం దానికి కాదు కదా మరదలా" అంటాడు.

ఆయన పని నాకు అర్థమైనంతలో ఇది. ఉపగ్రహాలు పంపే టైమును టవర్ మీది చిన్న యాంటెన్నా పట్టుకుంటుంది. అది తీగ గుండా కింది గదిలోని పెట్టెలోకి దిగుతుంది. దిగడానికి పట్టేది రెప్పపాటులో లక్షో వంతు కూడా కాదట! అయినా ఆ కాస్త ఆలస్యాన్నీ లెక్కలోంచి తీసెయ్యాలి. అందుకు తీగ పొడవు పెట్టెకు చెప్పాలి. ఉపగ్రహాలు సరిగా అందని చోట ఫోన్లు ఆ టైమును బట్టే తామెక్కడున్నాయో లెక్క కట్టుకుంటాయి. టైము తప్పితే చోటూ తప్పుతుంది.

నా పుట్టినరోజున అందరం భోజనానికి కూర్చున్నాం. బావ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

"చచ్చాం! అవి అడుగులు!"

ముందురోజు లోయ దగ్గరి టవర్లో తీగ మార్చి, నూట ఇరవై అడుగులను నూట ఇరవై మీటర్లని పెట్టెలో కొట్టేశాడట.

"రేపు చూసుకోవచ్చుగా బావా, కొంపలేం మునిగిపోయాయని?"

"ఎవరూ గమనించరమ్మా. అదే నా భయం."

చెయ్యి కడుక్కుని, ఆఫీసరుకు ఫోన్ చేసి తప్పు తనదేనని చెప్పి, ఆ అంకె దిద్దడానికి మూడు గంటల దారికి బస్సెక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వారం పాటు ఆయనతో మాట్లాడలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మా ఆయన నడిపే సరుకుల వ్యాను ఆ లోయలోకే జారిపోయింది. తొడ చీరుకుపోయి నెత్తురు ఆగలేదు. అంబులెన్సుకు ఫోన్ చేసి, "చెట్లు... వాగు..." అని మాత్రం అని స్పృహ తప్పాడు. అంత లోతులో కనబడేది జానెడు ఆకాశం. ఉపగ్రహాలు చాలక ఫోను టవర్ల టైము మీదే ఆధారపడిందట. అది చూపిన చోటును బట్టి అంబులెన్సు వాళ్లు సరిగ్గా వాగుకు ఇవతలి గట్టున, వ్యాను పక్కనే దిగారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదంది డాక్టరమ్మ.

ఆస్పత్రి వరండాలో బావ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. "నీ వల్లే బతికాడు బావా. ఈ జన్మకి నీ మేలు మర్చిపోను."

ఆయన మొహం పాలిపోయింది. "అలా అనకమ్మా. ఆ అంకె అలాగే ఉంటే అవతలి గట్టున వెతికేవాళ్లు. చంపబోయిందీ నేనేగా!"

ఇంతలో లోపల్నుంచి మా ఆయన నీరసంగా, "ఎవరే బయట? అన్నయ్యా? లోపలికి రమ్మను" అన్నాడు.

ఆ గొంతు వినగానే బావ గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయన చెయ్యి వదలకుండా లోపలికి తీసుకెళ్లాను.