రెండు వేళ్ల శ్రీమంతుడు

కువాన్ అత్త ఎవరినైనా క్షమిస్తుందిగానీ, ధనవంతుణ్ణి పట్టుకుని శ్రీమంతుడు అన్నవాణ్ణి మాత్రం క్షమించదు. హాంకాంగ్‌లో ఓ పాత టీ హోటల్లో కుడుముల బండి తోసే ఈ ముసలావిడకి ఒకటే కొలత. కప్పులో టీ పోసినప్పుడు, అక్కడి ఆచారం ప్రకారం రెండు వేళ్లతో బల్ల మీద తట్టి కృతజ్ఞత చెప్పినవాడు శ్రీమంతుడు. తట్టనివాడు, ఓడలున్నా మేడలున్నా, ఉత్త ధనవంతుడు.

"నగల కొట్టాయన?" అని అడిగాడోసారి మేనేజరు తామ్.

"ధనవంతుడు."

"బ్యాంకు డైరెక్టరు?"

"పాపం, ధనవంతుడే."

ఆవిడ లెక్కలో శ్రీమంతుడు ఒక్కడే. మూడు మిల్లులు పోగొట్టుకుని, మోచేతుల దగ్గర అతుకులేసిన కోటుతో తిరిగే యిప్. ఆయన గుమ్మంలో కనబడగానే, "శ్రీమంతులవారు వచ్చారు, కిటికీ బల్ల చూడండి" అని హాలంతా వినబడేలా కేకేసేది. నాలుగేళ్ల క్రితం కొలువులో చేరిన తామ్‌కి అది ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆ నెలతో హోటలు అద్దె గడువు తీరుతుంది. బిల్డింగు ఓనరు షమ్ వచ్చి కూర్చున్నాడు.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళొక్కరోజు ఆయన్ని శ్రీమంతుడను. లేదంటే నలభైమందిమి రోడ్డున పడతాం," అన్నాడు తామ్.

"వేళ్లు ఏమంటాయో చూద్దాం."

అత్త టీ పోసింది. షమ్ చూపు ఫోన్లోంచి కదల్లేదు, వేళ్లు అసలే కదల్లేదు.

"ధనవంతులుగారూ, రొయ్యల కుడుములు పెట్టమంటారా?"

షమ్ తలెత్తాడు.

"అందరూ నన్ను శ్రీమంతుడంటారే."

"వాళ్లెవరూ మీకు టీ పొయ్యలేదుగా బాబూ."

"మరి ఇక్కడ శ్రీమంతుడెవరు?"

అత్త కిటికీ వైపు చూపించింది. షమ్ నిర్ఘాంతపోయాడు. "యిప్పా? దివాలా తీసిన మనిషి. ఈ బిల్డింగు ఆయన దగ్గరే కొన్నాను."

"బిల్డింగు కొన్నారు. ఆ పేరు అమ్మకానికి పెట్టలేదు."

షమ్ తినకుండానే లేచిపోయాడు. తామ్ వంటింట్లో కూలబడ్డాడు.

"ముంచేశావత్తా. ఇంతకీ ఆ యిప్ బాగా బతికినప్పుడు తట్టేవాడా?"

"ఒక్కనాడూ తట్టలేదు."

"మరి?" అంటూ తామ్ లేచి నిలబడ్డాడు.

"మిల్లులు పోయాక మూడు నెలలు మొహం చూపించలేదు. ఓరోజు వచ్చి మూల కూర్చున్నాడు. టీ పోస్తే మొదటిసారి వేళ్లు కదిలాయి. మర్నాడు తలెత్తుకుని లోపలికి రావాలంటే ఏదో ఒక పేరుండాలిగా. రూలు అప్పుడే పెట్టాను."

మర్నాడు పొద్దున్నే షమ్ మళ్లీ వచ్చాడు. టీ పోయగానే ఒక వేలితో తట్టాడు.

"రెండండీ," అంది అత్త.

"ఆ పేరు తెచ్చుకోకుండా ఈ హోటలు మూయించను," అన్నాడు షమ్ ఉక్రోషంగా.

వారం తిరక్కుండా అద్దె గడువు ఏడాది పెంచుతూ సంతకం పెట్టాడు. తామ్ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అత్తా, ఇవాళ రెండు వేళ్లూ తట్టాడు, నేను చూశాను. ఇక అనొచ్చుగా."

"ఏడాదికే కదా రాశాడు? వచ్చే ఏడాది కాగితం కూడా రానీ," అంటూ అత్త బండి తోసుకుపోయింది.