సారు మీద నేను రాసిన రిపోర్టు

మా ఇంగ్లీష్ సారు పోయిండని నాకు మేడ్చల్ బస్టాండుల తెల్సింది. బడిల నాతోటి చదువుకున్న ఒకామె ఎదురై, సారు పోయి మూడు దినాలాయె, నీకెవ్వరు చెప్పలేదా అన్నది. నాకెవరు చెప్తరు? దుండిగల్ బస్సెక్కి సారు ఇంటికి పోవాల్సిందాన్ని, ఆటో ఎక్కి రావల్కోల్‌ల మా ఇంటికొచ్చి పడ్డ. గా గడప తొక్కే ధైర్యం నాకు లేదు. అందుకే గిట్ల రాస్తున్న.

తొంభైలల్ల మాది రేకుల షెడ్డు బడి. సారు దినానికి ఒక్క ఇంగ్లీష్ మాటే బోర్డు మీద రాస్తుండె. పక్కకు తెలుగుల అర్థం. ఆ మాట పెట్టి ఒక్కొక్కరం ఒక్కో వాక్యం చెప్పాలె. షరతు ఒక్కటే, వాక్యం గైడులది కావొద్దు, మన ఇంట్ల జరిగింది కావాలె. "నీ ఇంట్లకు రాని మాట నీ నోట్లకు ఎట్లొస్తదే?" అంటుండె. బజ్జీలు తిన్నంక పొట్లం కట్టిన ఇంగ్లీష్ పేపరు ముక్క గుడ పారేయకపోతుండె. గా నూనె మరకల్ల నుంచే రేపటి మాట ఏరుకుంటుండె.

'రిలక్టెంట్' అనే మాటొచ్చిన దినం నేను లేచి, బర్రెను అమ్ముడు మా అవ్వకు ఇష్టం లేదని తిప్పలు పడి ఇంగ్లీషుల చెప్పిన. క్లాసంత నవ్విన్రు. సారు నవ్వలే. నా వాక్యాన్ని సక్కగ చేసి బోర్డు మీద రాసి, "మరి అమ్మిన్రా?" అని అడిగిండు. అమ్మినం సార్ అన్న. గా దినం బోర్డు మీది మాట నేను సచ్చేదాంక మరువ.

గా ఇంగ్లీషుతోనే డిగ్రీ చేసిన, గా బడిలనే టీచరు నౌకరి దొరికింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. కొత్త బిల్డింగు, కొత్త మేనేజ్‌మెంటు, పిల్లలకు టైలు, బూట్లు. తెలుగు మాట్లాడొద్దని గోడగోడకు రాసిపెట్టిన్రు. కొత్త ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, సారు క్లాసుల కూసోని ఆయన ఎట్ల చెప్తున్నడో రాసియ్యమన్నడు. నా నౌకరి ఇంకా పక్కా కాలే.

కూసున్న, ఇంగ్లీషుల రాసిన. ప్రతి మాటకు తెలుగుల అర్థం చెప్తరని, పిల్లలతోటి ఇండ్లల్ల ముచ్చట్లు చెప్పిస్తరని రాసిన. మెచ్చుకుంటనే రాసిన కదా అని ఇన్నేండ్లు నన్ను నేను సముదాయించుకున్న. ఒట్టి అబద్ధం. గోడ మీది రాత నా కండ్ల ముందటనే ఉండె. ఏమైతదో ఎర్కుండే రాసిన. నా నౌకరి పక్కా అయింది. సారును పరీక్షలన్న కానియ్యకుండ తీసేసిన్రు. నేను నోరిప్పలే.

తర్వాత నేనూ గా బడి ఇడిసిపెట్టిన. మొన్న అక్కడ సారు ఫొటోకు దండేసి, రెండు నిమిషాలు మౌనంగ నిలవడ్డరట, బస్టాండుల ఆమెనే చెప్పింది. థూ, వాళ్లదీ ఒక బతుకేనా! నాదీ ఒక బతుకేనా!

సారును తీసేసిన దినం, పోయే ముందట ఆయన స్టాఫ్ రూముకొచ్చిండు. చేతిల నేను రాసిన రిపోర్టు. నా ముందటి కుర్చీల కూసోని, జేబుల నుంచి ఎర్ర పెన్ను తీసి మూత ఇప్పిండు. మొదటి లైనుకెల్లి ఆఖరుదాంక నిమ్మళంగ సదివిండు. నేను తలెత్తలే, పెన్ను దిక్కే చూస్తున్న. అది ఎక్కడా ఆగలే.

"ఒక్క తప్పు లేదు బిడ్డా," అన్నడు.

పెన్నుకు మూత పెట్టి జేబుల పెట్టుకున్నడు. కాగితం నా ముందట పెట్టి పోయిండు.