అందరి కార్డుకూ ఒకటే నంబరు

నేను ఒక మనిషి చేత అంగడి మూయించాను. చెయ్యి ఎత్తలేదు, కేసు పెట్టలేదు, ఎవరినీ వెంట తీసుకుపోలేదు. ఎలా మూయించానో వరుసగా రాస్తాను.

చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా చేశాను. అది అయిపోయేసరికి రెండు సంగతులు తెలిసొచ్చాయి. ఒకటి, అక్కడ పర్మనెంటు ఉద్యోగం రాదు. రెండు, లింగాల వైపు చీనీ, అంటే బత్తాయి తోటల్లో బోరు మోటార్ల స్టార్టర్లలో ఉండే ఎలక్ట్రానిక్ బోర్డులు వారానికొకటి కాలిపోతున్నాయి, బాగుచేసేవాళ్లు లేరు. రైతు కొత్తది కొని పాతది పారేస్తున్నాడు. నేను బాగుచేయగలను. అందుకు ఆసిలోస్కోప్ కావాలి. కరెంటు అలను తెర మీద గీసి, లోపం ఎక్కడుందో చూపించే పరికరం అది. ప్రొద్దుటూరులో బంగారం ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, ఇది దొరకదు. ఆన్‌లైన్‌లో పద్నాలుగు వేల చిల్లర ఉంది.

క్రెడిట్ కార్డు మా ఇంట్లో ఎవరికీ లేదు. బ్యాంకులో అడిగితే జీతం చీటీ తెమ్మన్నారు. నా ఖాతా ఉన్న సహకార బ్యాంకు అసలు కార్డులే ఇవ్వదు. ఇంట్లో ఉన్నది నాయన డెబిట్ కార్డు ఒక్కటే. అందుకని ఏడాది స్టైపెండులో మిగిలిందంతా నాయన ఖాతాలో వేశాను.

నాయన జమ్మలమడుగులో లగేజీ ఆటో నడుపుతాడు. వయసులో ఉన్నప్పుడు మా వర్గం నాయకుడి జీపులో వెనక సీట్లో తిరిగినవాడు. ఒకసారి బాంబు దగ్గరగా పడటంతో ఎడమ చెవి పోయింది. తర్వాత ఆ కాలమూ పోయింది. నాయకుడు కాంట్రాక్టుల్లోకి దిగాడు, వెంట తిరిగినవాళ్లు ఆటోల్లోకీ అంగళ్లలోకీ సర్దుకున్నారు. వాళ్లందరికీ ఉమ్మడిగా మిగిలింది నాయకుడి బండి నంబరు. నాలుగంకెలు. మా వాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అదనంగా కట్టి మరీ తమ మోటారు సైకిళ్లకు అదే తెచ్చుకునేవాళ్లు. సెల్ నంబరు చివర అదే. నాయన ఆటో వెనక అద్దం మీద ఎర్ర రంగుతో అదే. ఏటీఎం కార్డులు వచ్చినప్పుడు పిన్ ఏం పెట్టుకోవాలా అని ఎవరూ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ అంకెలు ఇక్కడ రాయను. ఇప్పటికీ ఎవరో ఒకరి కార్డుకు అవే ఉండి ఉంటాయి.

ఆ రోజుల్లో మా బ్యాంకు ఫోనుకు ఓటీపీ పంపేది కాదు. ఆన్‌లైన్‌లో కొనాలన్నా ఏటీఎంలో కొట్టే నాలుగంకెల పిన్‌నే అడిగేది. అంటే కార్డు మీది అంకెలూ ఆ పిన్నూ తెలిస్తే చాలు.

బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉండేది. దాన్ని నడిపేవాడు మా వర్గం కుర్రాడే, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆన్‌లైన్‌లో ఎవరేం కొనాలన్నా అతని దగ్గరికే పోవాలి. వస్తువుకు ఇంతని కమీషను తీసుకునేవాడు. నేనూ నాయనా వెళ్లాం.

"కార్డియ్యి మామా," అని తీసుకుని అంకెలన్నీ కొట్టాడు. పిన్ కోసం గడి వచ్చింది. మమ్మల్ని అడగలేదు. నాలుగు మీటలు నొక్కి, నాయన వైపు తిరిగి నవ్వాడు. "మన నంబరే గదా మామా?"

"ఇంగెవురి నంబరు పెట్టుకుంటాంరా అల్లుడా," అని నాయనా నవ్వాడు.

పేజీ తిరిగి తిరిగి ఆగిపోయింది. "సర్వరు డౌన్ మామా. కార్డు జిరాక్సు ఈడ పెట్టి పోండి, ముందుదీ వెనకదీ. సర్వరు రాంగానే నేనే కొడతా."

పెట్టి వచ్చాం. దారిలో నాయన మురిసిపోయాడు. "చూసినావా, నోరు తెరిచి అడగాల్సిన పనే లేదు. మనోడంటే అట్లుండాల." నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసినవాణ్ణి. పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను. ఈ మాట రాయడం నాకు ఇప్పటికీ కష్టమే.

పది రోజులు సర్వరు లేవలేదు. పదకొండో రోజు నాయన డీజిల్‌కు డబ్బు తీయబోతే ఖాతాలో రెండొందల పన్నెండు రూపాయలున్నాయి. బ్యాంకు వాళ్లు తీసిచ్చిన కాగితంలో ఒకే రోజు రెండు కొనుగోళ్లున్నాయి. ఒక్కోటి ఏడువేల రెండొందలు, రెండూ ఒక ఆన్‌లైన్ సెల్‌ఫోన్ల అంగడికి. "పిన్ సరిగ్గా కొట్టినారు కదా, మీరే ఎవరికో చెప్పుంటారు," అన్నారు. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటరు మొదట మేం ఏ పార్టీ అని అడిగాడు. తర్వాత ఎవరి మీద అనుమానం అని అడిగాడు. నేను చెప్పబోతే నాయన నా చెయ్యి నొక్కాడు.

బయటికొచ్చాక అన్నాడు: "మనోడు చెయ్యడు. ఇది అవతలోళ్ల పని. ఏటీఎం కాడ కూచునే వాచ్‌మన్ యాడోడు? వాళ్లోడు. వాడే చూసినాడు."

"నాయనా, వాచ్‌మన్‌కు కార్డు మీది నంబరెట్లా తెలుస్తాది?"

"నీకు తెలీదు లేరా. వాళ్లు శానా తెలివైనోళ్లు."

ఆ సాయంత్రానికి నాయన పాత స్నేహితులు ఇద్దరు మా అరుగు మీద చేరారు. వాచ్‌మన్ సైకిల్ మీద ఏ దారిన ఇంటికి పోతాడో మాట్లాడుకుంటున్నారు. నేను మూడు రోజులు గడువు అడిగాను. "మూడంటే మూడే," అన్నాడు నాయన.

మొదటి రోజు ఆ ఫోన్ల అంగడి కస్టమర్ కేర్‌కు పదకొండు సార్లు ఫోన్ చేశాను. పదిమంది పెట్టేశారు. పదకొండో అమ్మాయికి నాయన పేరూ, కార్డు చివరి అంకెలూ, డబ్బు పోయిన తేదీ చెప్పి, పార్సిల్ ఇంకా అందలేదన్నాను. రెండు ఫోన్లూ ఒకే పార్సిల్‌లో అందాయండీ అని ఆ అమ్మాయి కొరియర్ పేరూ, పార్సిల్ మీద వేసే వేబిల్లు నంబరూ చెప్పింది. రెండో రోజు ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఆ కొరియర్ ఆఫీసు కౌంటరులో నా డిప్లొమా క్లాస్‌మేటు పనిచేస్తున్నాడు. విషయం విని ముందు నవ్వాడు.

"మా అన్న కువైట్ నుంచి దుడ్లు పంపిస్తే మా యమ్మ పాస్‌బుక్కు బియ్యం డబ్బాలో దాచిపెడతాదిరా. మీ నాయనేమో నంబరు ఆటో మీద రాయించుకున్యాడు!"

"నవ్వింది చాలు. షీటు చూపీ."

"జిరాక్సు అడగాకు. నా ఉద్యోగం పోతాది. చూసి, నీ బుర్రలో పెట్టుకోని పో."

సరుకు ముట్టినట్టు సంతకాలు చేసే కాగితం అది. మా వేబిల్లు నంబరు ఎదురుగా సంతకం ఉంది. సంతకం పక్కన నీలం సిరాతో నెట్ సెంటరు రబ్బరు స్టాంపు. అన్నిటి మీదా స్టాంపు వేసే అలవాటు. దొంగసొమ్ము తీసుకుంటూ కూడా వేశాడు.

మూడో రోజు పొద్దున నాయనకు చెప్పాను. స్టేషన్‌కు పోదామంటే తల అడ్డంగా ఆడించాడు. "అన్న కాడికి పోదాం. అన్న చెప్తే అయిపాయ." వాచ్‌మన్ గురించి మళ్లీ ఎత్తలేదు. తన దారి కాయాలనుకున్నారని ఆ వాచ్‌మన్‌కు ఎప్పటికీ తెలియదు.

నాయకుడి ఇంటి ముందు రేకుల షెడ్డులో పొద్దున పూట పద్నాలుగు మంది ఉన్నారు. లెక్కపెట్టాను. నెట్ సెంటరతన్ని పిలిపించారు. నేను తేదీ, వేబిల్లు నంబరు, స్టాంపు రంగు చెప్పాను. ఎక్కడ చూశానో చెప్పలేదు. అతను కాదనలేదు కూడా. చొక్కా జేబులో ఒక ఫోను కనబడుతూనే ఉంది.

"తప్పయింది అన్నా. మల్లా ఖాతాలో ఏద్దామనుకున్యా."

"కార్డు సరే, పిన్ నంబరు నీకెట్లా తెలిసిందిరా?" అన్నాడు నాయకుడు.

"అదేందన్నా, అది మన బండి నంబరే గదా. మనోళ్లందరిదీ అదే."

నాయకుడు షెడ్డంతా చూశాడు. "నిజమా? ఎవురెవురిది?"

చేతులు లేచాయి. ఓటు వేసినంత గర్వంగా లేచాయి. పద్నాలుగులో పదకొండు. వాటిలో మొదట లేచింది నాయనది. నాయకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాది అది కాదప్పా! నా బండి నంబరు జిల్లా అంతా తెలుసు. దాన్ని ఎవురన్నా తాళంచెవి చేసుకుంటారా?"

అందరూ నవ్వారు. చేతులు ఎత్తినవాళ్లూ నవ్వారు. నాయన నవ్వలేదు. సరిగా వినబడలేదేమో అనుకున్నాను. వినబడింది.

తీర్పు: సగం ఇచ్చేయాలి. ఏడువేల రెండొందలు. మిగతా సగం ఏమైందని అడగబోయాను. అప్పుడే లోపలి నుంచి నాయకుడి మేనల్లుడు బయటికొచ్చాడు. అతని చేతిలో రెండో ఫోను ఉంది. అదే రకం, అదే రంగు. అందరూ చూశారు, ఎవరూ చూడనట్టే టీ గ్లాసులు అందుకున్నారు. నాయన నా భుజం పట్టుకుని లేపాడు. "సగం వచ్చింది. పద."

ఆ రోజు బస్టాండు వరకూ నడుస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ నెట్ సెంటరు ఉండకూడదు. పోయిన డబ్బు తిరిగొచ్చినా సరే, ఉండకూడదు.

ముందు నా పని చూసుకున్నాను. ఏడువేలకు ఒకరు వాడిన చిన్న ఆసిలోస్కోప్ దొరికింది, ఫోన్లో ఆర్డరు చెప్పి, సరుకు చేతికొచ్చాకే డబ్బు ఇచ్చే పద్ధతిలో. కొరియర్ ఆఫీసులో డబ్బు కట్టి, కౌంటరు మీదే విప్పి, ప్లగ్గు పెట్టి చూసుకున్నాను. అల సన్నగా, శుభ్రంగా వచ్చింది. అప్పుడు అర్థమైంది, నెట్ సెంటరు లేకుండా కొనడం ఎంత తేలికో. ఆ తేలికే నా కత్తి.

ఒక కాగితం రాశాను. సరుకు వచ్చాక డబ్బు ఇచ్చే వీలుంటే అదే ఎంచుకోవాలి, పార్సిల్ నలుగురి ముందూ విప్పాలి. ఆ వీలు లేకపోతే రెండో ఖాతా తెరిచి, కొనేదానికి సరిపడా మాత్రమే అందులో వేయాలి. నెట్ బ్యాంకింగ్ ఉన్నవాళ్లు బ్యాంకు ఇచ్చే, ఒక్కసారికే చెల్లే కార్డు నంబరు వాడాలి. ధర ఎంతో అంతకే పనిచేస్తుంది, తర్వాత ఎవరికి దొరికినా పనికిరాదు. కార్డు జిరాక్సు ఎవరికీ ఇవ్వకూడదు. పిన్ ఇంకొకరి చేత కొట్టించకూడదు. చివర పెద్ద అక్షరాలతో: బండి నంబరు పిన్‌గా పెట్టకూడదు.

నెట్ సెంటరుకు సరిగ్గా ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడిలో ఒక కుర్చీ అడుక్కుని కూర్చున్నాను. అతను తల ఎత్తితే నేను కనబడాలి. ఆదివారమూ బుధవారమూ, ఆన్‌లైన్‌లో ఎలా కొనాలో ఆ కాగితం చూపించి అడిగినవాళ్లకు నేర్పేవాణ్ణి, ఉచితంగా. కమీషను తీసుకుంటే అతనిలాంటి ఇంకొకణ్ణి అవుతాను. ఉచితమైతే అతను ధర తగ్గించి కూడా నాతో పోటీ పడలేడు. అందుకే ఉచితం, మంచితనంతో కాదు.

ఆ పదకొండు చేతులూ ఎవరివో గుర్తుంచుకున్నాను. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాను. చివరి నియమం దగ్గర అందరూ ఆగారు.

"నంబరు మార్చమంటే ఏందప్పా, పార్టీ మారమంటాండావా?" అన్నాడు నాయన స్నేహితుడొకడు.

"అన్నే చెప్పినాడు గదా మామా, అన్నది ఆ నంబరు కాదని."

"అన్న యవ్వారం వేరే."

అప్పుడు నేను అబద్ధం చెప్పాను. "అవతలోళ్లకు మన నంబరు తెలిసిపోయింది మామా. ఎలక్షన్ ముందర మనోళ్ల కార్డులన్నీ ఊడ్చేస్తారంట." ఆ మాట విన్నవాళ్లు విన్నట్టే ఏటీఎంకు పోయి మార్చుకున్నారు. సొంతవాడు దోచుకున్నాడంటే కదలని మనుషులు, అవతలివాళ్లు దోచుకుంటారంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. పదకొండులో పదిమంది మార్చారు. నాయన మార్చలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఆ ఖాతాలో నేను మళ్లీ ఒక్క రూపాయి వేయలేదు.

మొదటి నెల నెట్ సెంటరు ముందు నిలబడేవాళ్లు సగమయ్యారు. రెండో నెలలో కాలేజీ పిల్లలు పోవడం మానేశారు. నాలుగో నెలలో కంప్యూటర్లు రెండు అమ్మేశాడు. ఆరో నెలలో బోర్డు దించాడు. బోర్డు దించిన రోజు బుధవారం. నేను కుర్చీలోనే ఉన్నాను. ఇద్దరు కూలీలు దాన్ని ఆటోలో పెడుతుంటే, చివరి మేకు ఊడేదాకా చూశాను. కడుపు నిండినట్టు అనిపించింది.

ఏడాది తర్వాత లింగాలలో ఒక స్టార్టరు బోర్డు చూడ్డానికి పోతూ పులివెందులలో బస్సు మారాను. చార్జరు వైరు కోసం ఒక సెల్ అంగడిలోకి వెళితే, కౌంటరు వెనక అంగడివాళ్లిచ్చిన చొక్కా వేసుకుని అతను నిలబడి ఉన్నాడు. ఓనరు పక్కనే ఉండటంతో గొంతు తగ్గించాడు.

"బాగుండావా అప్పా?"

"బాగుండా."

"సగం ఇచ్చినా గదప్పా. అన్న చెప్పినంత ఇచ్చినా. ఇంగేం గావాలని నా కడుపు మీద కొట్టినావు?"

"రెండో ఫోను."

అతను వైరును కాగితం సంచిలో పెట్టాడు. "అది నేను తేలేను గదా. యాడుండాదో నీకు తెలుసు. పోయి ఆడ అడగరాదూ?"

అడగలేను. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. వైరు డబ్బు ఇచ్చి బయటికొచ్చాను. లింగాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొత్తం మళ్లీ సరిచూసుకున్నాను. అతని మీద తీర్చుకున్నదాంట్లో సగం నిజానికి అతనిది కాదు. ఆ సగం నాకు అందనిచోట ఉంది కాబట్టి, అందినవాడి మీదే రెండు సగాలూ వేశాను. జిరాక్సు అంగడిలో కుర్చీ వేసుకున్న మొదటి రోజే అది నాకు తెలుసు. అయినా తగ్గించలేదు.