పొగమంచులో ఆకుపచ్చ పడవ

మా ఇంట్లో తాయెత్తు కట్టుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. దెయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే టీ చెప్పి, నవ్వుతూ వినేవాణ్ణి. ఇప్పుడు నా మాట విని మీరు నవ్వినా నాకు కోపం లేదు.

నేను నెల్లూరులో బోర్డులు రాసే పెయింటర్‌ని. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల పని పోయి, మైపాడు పడవలకు రంగులు వేయడం మిగిలింది. చలికాలం పొద్దున్నే తీరాన కూర్చుని, అరచేయంత చెక్కల మీద మంచుపట్టిన సముద్రాన్ని ఆయిల్ రంగుల్లో వేసుకుంటాను. ఎవరూ కొనరు, ఎవరూ తొందరపెట్టరు. అంతకన్నా సుఖమేముంది?

మంచుకు రంగులెక్కువ అక్కర్లేదు. ఆ రోజు తెలుపు, నలుపు, కాస్త కావి రంగు మాత్రమే తీసుకెళ్లాను. ఉత్తరం వైపు ఒక పడవ మసకగా కనిపించింది. మంచు విడిపోతే బొమ్మ పోయినట్టే కాబట్టి, చూసింది చూసినట్టు చకచకా వేసేశాను.

అప్పుడే కావేరమ్మ పరుగున వచ్చింది. ఆమె భర్త పోలయ్య పడవకు రంగు వేసింది నేనే.

“అన్నా, మా ఆయన నిన్న పొద్దున వేటకు పోయినాడు, ఇంకా రాలా. యాడన్నా కనిపించినాడా?”

ఒడ్డున మగవాళ్లు అప్పటికే వెతకడానికి పడవలు దించుతున్నారు. నీళ్లు దక్షిణానికి లాగుతున్నాయి కాబట్టి అందరూ అటే పోదామంటున్నారు. కావేరమ్మ నా చేతిలోని చెక్క చూసి ఆగిపోయింది.

“ఇది మా పడవేనన్నా! పాత రంగులో ఉండాది.”

నేనూ అప్పుడే సరిగా చూశాను. బొమ్మలో పడవ ఆకుపచ్చగా ఉంది. పోయిన ఏడాది ఆ పచ్చను గీకి నీలం వేసింది నా చేతులే. ఉత్తరం వైపు కనిపిస్తే వేశానని ఆమెకు చెప్పాను.

“బొమ్మ చూసి మనిషిని వెతుకుతారా ఎవరన్నా?” అని ఒకాయన విసుక్కున్నాడు. కావేరమ్మ వింటేనా! ఒక పడవను ఉత్తరానికి పంపేదాకా ఊరుకోలేదు.

ఎండెక్కేసరికి పోలయ్యను తీసుకొచ్చారు. ఇంజను చెడి, ఉత్తరాన ఇసుక మేట మీద చిక్కుకుపోయాడట. దాహంతో మాట పెగలడం లేదు గానీ మనిషి క్షేమం. కావేరమ్మ అతన్ని తిడుతూనే ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి.

తర్వాత ఆ మేట దాకా వెళ్లి చూశాను. తీరం వంపు, సరుగుడు తోట అడ్డం. మంచు లేకపోయినా అది నేను కూర్చున్న చోటికి కనబడదు. నా మూడు రంగులు ఎలా కలిపినా ఆకుపచ్చ రాదు. ఇంటికెళ్లి కలిపి చూశాను కూడా. చెక్క కొత్తది. కడగని బ్రష్ నా సంచిలో ఉండదు.

ఆ చెక్క ఇప్పుడు వాళ్లింట్లో గోడకు ఉంది. పడవకు ఇప్పుడున్న రంగే బొమ్మలోనూ ఉండాలని ఒకసారి నీలం పట్టుకెళ్లాను. కావేరమ్మ బ్రష్ లాక్కుంది.

“ముట్టుకోబాకన్నా. ఆ రంగుతోనే గదా ఈయన దొరికినాడు.”

పోలయ్య కింద కూర్చుని చేపల పులుసు కలుపుకుంటున్నాడు. ఆ పచ్చ ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నాకూ కంచం పెట్టింది, కూర్చున్నాను.